అప్రెంటిస్ ఉన్నాడు, మేస్త్రీ ఏడీ?

అనకాపల్లి జిల్లా కె. కోటపాడు మెయిన్ రోడ్డు మీద పని నేర్చుకుంటున్న కుర్రాడెవడో గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. బైకు మెకానిక్ షెడ్డులో అడక్కముందే సరైన సైజు స్పానరు అందించేవాడు, వెల్డింగ్ షాపులో గేటు ఊచలు కొలిచి సుద్దముక్కతో గీతలు పెట్టేవాడు, మోటారు రివైండింగ్ కొట్లో కాలిపోయిన రాగి తీగ విప్పుతూ చుట్లు లెక్కపెట్టేవాడు. వీళ్ల పేర్లు ఏ రిజిస్టర్లోనూ లేవు. ఇదే మండలం నుంచి ఐటీఐ పాసై గాజువాక వైపో పరవాడ వైపో వెళ్లి అప్రెంటిస్‌గా చేరినవాడి పేరు మాత్రం ఢిల్లీ పోర్టల్‌లో నంబరుతో సహా ఉంటుంది. మొదటివాడికి మేస్త్రీ ఉన్నాడు, కాగితం లేదు. రెండోవాడికి కాగితం ఉంది. మేస్త్రీ ఉన్నాడో లేడో ఎవరూ అడగలేదు.

అప్రెంటిస్‌షిప్‌ను బాగుచేయాలని ప్రభుత్వాలు పూనుకున్నప్పుడల్లా ముందుగా తలల లెక్క తీస్తాయి. 1961లో చేసి 1962 మార్చి 1 నుంచి అమల్లోకి తెచ్చిన అప్రెంటిసెస్ చట్టానికి యాభై ఏళ్లు దాటాక చూసుకుంటే, దేశమంతటా 4.9 లక్షల సీట్లుంటే చేరినవాళ్లు 2.82 లక్షలు. ఆ వెలితి పూడ్చడానికి 2014లో చట్టాన్ని సడలించారు. నిబంధన మీరిన యజమానికి జైలు శిక్ష తీసేసి జరిమానాతో సరిపెట్టారు. సర్కారు గుర్తించిన ట్రేడులే కాకుండా కంపెనీ తన అవసరాన్ని బట్టి సొంతంగా కోర్సు రాసుకోవచ్చన్నారు. 2016 ఆగస్టులో జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం వచ్చింది. స్టైపెండులో నాలుగో వంతు, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రమే భరిస్తుంది. 2019లో నిబంధనలు మళ్లీ మార్చి, 30 మంది, ఆపైన పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలన్నారు. 4 నుంచి 29 మంది దాకా ఉంటే వాళ్లిష్టం.

ఇవి తప్పని అనను. యజమాని ముందుకు రాకపోతే కుర్రాడికి గేటే తెరుచుకోదు. కానీ గేటు దాటాక లోపల ఏం జరుగుతోందన్నది ఈ సంస్కరణలన్నీ వదిలేసిన సంగతి.

చట్టంలో 11వ సెక్షన్ ఉంది. యజమానికి స్వయంగా ఆ పని రాకపోతే, నిర్ణీత అర్హతలున్న మనిషిని శిక్షణకు బాధ్యుడిగా పెట్టాలని అందులో రాశారు. 19వ సెక్షన్ కుర్రాడు ఎంతవరకూ నేర్చాడో రికార్డు పెట్టమంటుంది. నా మటుకు చట్టం మొత్తంలో విలువైన మాటలు ఈ రెండే. వీటిని ఎంతమంది తిరగేసి చూస్తారు? కాంట్రాక్టు కుదిరిందా, స్టైపెండు పడిందా, శాతం పూర్తయిందా అని చూస్తారు. ఈ అబ్బాయికి పని నేర్పుతున్న ఆసామి ఎవరు, ఈ నెలలో ఏం నేర్పాడు అని అడిగే అధికారిని వెతుక్కోవాలి.

కర్మాగారంలో సీనియర్ ఫిట్టర్ వైపు నుంచి చూద్దాం. అతనికి షిఫ్టుకింత పని అని లెక్క ఉంటుంది. కుర్రాణ్ణి పక్కన నిలబెట్టుకుని బేరింగు ఎలా ఎక్కించాలో, అలైన్‌మెంటు ఎలా చూడాలో చెబుతూ కూర్చుంటే పని వెనకబడుతుంది, సూపర్‌వైజర్ చేత మాట పడాలి. నేర్పినందుకు పైసా అదనంగా రాదు. ఆపైన అతను కాంట్రాక్టు మీదున్నవాడైతే, ఇవాళ నేర్పినవాడే రేపు తక్కువ కూలికి తన చోటికి వస్తాడేమోనన్న భయం ఒకటి. ప్రభుత్వమిచ్చే సాయమంతా స్టైపెండు మీదే. నేర్పేవాడి వాటా సున్నా. ఇలాంటి ఏర్పాటులో కుర్రాడి చేతికి చీపురో టీ ఫ్లాస్కో వచ్చిందంటే వింతేముంది? కాదంటే ఏడాది పొడుగునా ఒకే మిషను ముందు నిలబెడతారు. బటన్ నొక్కడం వస్తుంది, మిషను ఎందుకు ఆగిందో తెలీదు.

ఏం ఆశించి వెళతాడో కూడా లెక్క చూద్దాం. 2019 నిబంధనల ప్రకారం ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవాడికి కనీస స్టైపెండు నెలకు 7,700 రూపాయలు. పదో తరగతితో చేరితే 6,000. నెలకు 26 రోజులు వేసుకుంటే ఐటీఐ కుర్రాడికి రోజుకు 296 రూపాయలు. ఉపాధి హామీ పనికి 2025-26లో మన రాష్ట్రానికి నిర్ణయించిన రోజు కూలి 307. రెండేళ్లు చదివి, ఆకురాయి పట్టి, పరీక్షలు రాసి పాసైనవాడికి దక్కే కనీసం చెరువు పూడిక తీసే కూలికంటే పదకొండు రూపాయలు తక్కువన్న మాట. అదీ గాజువాకలో గది అద్దె, మెస్సు ఖర్చు పోకముందు. కోటపాడు నుంచి రోజూ వెళ్లి రావాలంటే సబ్బవరం మీదుగా బస్సు మారి ఉదయపు ఎ షిఫ్టు అందుకోవడం అయ్యే పని కాదు. 2025 మేలో సెంట్రల్ అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్ ఈ స్టైపెండును 36 శాతం పెంచాలని సిఫారసు చేసింది. ఆరేళ్లు ఒకే రేటు మీద నడిపి ఇప్పుడు కళ్లు తెరిచారు, సంతోషం. ఏటా ధరలతో పాటు దానంతటదే పెరిగేలా ముందే రాసి ఉంటే ఇంత దూరం వచ్చేదా?

యజమానుల బాధా కట్టుకథ కాదు. ఐటీఐలో ఇనప దిమ్మ చదును చేయడం నేర్చుకొచ్చినవాడికి సీఎన్‌సీ మిషను చూపిస్తే బెదిరిపోతాడు. మందుల కంపెనీకి రియాక్టరు దగ్గర నిలబడగల ఆపరేటరు కావాలి. దానికి సరిపోయే అటెండెంట్ ఆపరేటర్ ట్రేడు ఉన్నా, జిల్లాలో పిల్లలు ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ అంటూ అటే పరిగెడతారు. చేరినవాళ్లలో కొందరు మూడు నెలలకే చెప్పాపెట్టకుండా మానేస్తారు. ఇక మిగిలిన పెద్ద చిక్కు, నేర్పాక పక్క కంపెనీ వెయ్యి ఎక్కువిచ్చి ఎత్తుకుపోవడం. ఖర్చు ఒకడిది, ఫలం ఇంకొకడిది అయినప్పుడు ఎవడు నేర్పుతాడు?

ఈ చివరి ప్రశ్నకు ఇంగ్లండు 2017లో ఒక జవాబు చెప్పింది. జీతాల బిల్లు ఏడాదికి 30 లక్షల పౌండ్లు దాటిన యజమానులందరి దగ్గరా అర శాతం పన్ను వసూలు చేసి, ఆ డబ్బును అప్రెంటిస్‌ల శిక్షణకే వాడుకోమన్నారు. వినడానికి బాగుంది. తర్వాతి విద్యా సంవత్సరానికే కొత్తగా చేరేవాళ్లు దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు. కట్టిన డబ్బు ఎలాగైనా రాబట్టుకోవాలి గనక చాలా సంస్థలు అప్పటికే ఉద్యోగంలో ఉన్న మేనేజర్ల చదువులకు అప్రెంటిస్‌షిప్ అని పేరు పెట్టుకున్నాయి. బడి వదిలి మొదటిసారి పనిలోకి రావలసిన పిల్లలు బయటే మిగిలారు. జర్మనీ దారి వేరు. అక్కడ కుర్రాడు వారంలో ఒకటి రెండు రోజులు బడిలో, మిగతా రోజులు పనిలో ఉంటాడు. చివర్లో పరీక్ష పెట్టేది అతని యజమాని కాదు, ఆ ప్రాంతపు వాణిజ్య మండలి. యజమాని ఏం నేర్పాడన్నది కూడా ఆ పరీక్షలో బయటపడుతుంది. మనం డబ్బు సంగతి ఇంగ్లండులా ఆలోచిస్తున్నాం, పరీక్ష సంగతి జర్మనీలా ఆలోచించడం లేదు.

అంత దూరం ఎందుకు, విశాఖ నేవల్ డాక్‌యార్డులో అప్రెంటిస్‌ల కోసం విడిగా స్కూలే ఉంది. ప్రవేశ పరీక్ష ఉంది, నేర్పడమే పనిగా ఉన్న ఇన్‌స్ట్రక్టర్లు ఉన్నారు, షాపు ఫ్లోరు పక్కనే ఉంది. అక్కడ చేసొచ్చిన వెల్డరును ఎక్కడైనా ఇట్టే పనిలోకి తీసుకుంటారంటే కారణం ఆ మూడూ ఒక్కచోట ఉండటమే.

ఇప్పుడు మళ్లీ మన రోడ్డు పక్క షెడ్డు. ఓనరూ, ఇద్దరు కుర్రాళ్లూ. నలుగురు కూడా లేరు గనక 2019 నిబంధనల్లో ఐచ్ఛికంగా చేరే అవకాశం కూడా లేదు. దేశంలో చేతిపని ఎక్కువగా పుట్టేది ఇలాంటి చోట్లేనని అందరికీ తెలిసినా, చట్టం కళ్లకు అది ఆనదు. అలాగని షెడ్డును నెత్తిన పెట్టుకోను. కళ్లద్దాలు లేకుండా వెల్డింగు మెరుపు చూసి రాత్రంతా కళ్లు మండి ఏడ్చిన గుంటలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. పద్నాలుగేళ్లు నిండనివాణ్ణి పనిలో పెట్టుకోవడం నేరం, అది జరగడం లేదని ఎవరూ గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేరు. తన్నులు, తిట్లు, పండక్కి జత బట్టలు, అంతే. అయిదేళ్లు చేసి బయటికొచ్చినా చేతిలో కాగితం ముక్క ఉండదు, కాబట్టి ఏ కంపెనీ గేటు దగ్గరా అతని పనితనానికి విలువ ఉండదు.

మన జిల్లాలోనే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. తిరిగే అంకుడు కర్రకు లక్కబిళ్ల ఎంత ఒత్తిడితో ఆనిస్తే రంగు సమంగా కరిగి పట్టుకుంటుందో పుస్తకంలో రాయలేరు. ఇంకొకరి చేయి చూస్తూ ఏళ్ల తరబడి నేర్చుకోవాల్సిందే. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగుల కోసం శ్రమించిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. అదే ఏడాది సెప్టెంబరులో పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తులకు మొదలైంది. గురుశిష్య పరంపర అని అందులో ఘనంగా రాసుకున్నారు. ప్రధానంగా ఉన్నదేమిటంటే అయిదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, రోజుకు 500 రూపాయలు, 15,000 రూపాయల పనిముట్లు, తక్కువ వడ్డీకి అప్పు. శిష్యుణ్ణి రెండేళ్లు దగ్గర పెట్టుకుని నేర్పే గురువుకు నెలనెలా ఇచ్చేదేమీ లేదు. పరంపర పేరు మీద కొన్ని రోజుల క్లాసు!

శిక్షణ అయిపోయాక ఏమిటన్నది ఇంకో గొడవ. 22వ సెక్షన్ ప్రకారం ఉద్యోగం ఇవ్వాలన్న బాధ్యత యజమానికి లేదు. 2014 సవరణ తర్వాత, శిక్షణ పూర్తయినవాళ్లను తీసుకోవడంపై ప్రతి యజమానీ సొంత విధానం రూపొందించుకోవాలని మాత్రం ఉంది. ఉత్తరప్రదేశ్ ఆర్టీసీ కేసులో 1995లో సుప్రీంకోర్టు, మిగతా అర్హతలు సమానమైతే శిక్షణ పొందిన అప్రెంటిస్‌కే ప్రాధాన్యం ఇవ్వాలంది. రైల్వే ఇంకో అడుగు వేసి లెవల్-1 ఉద్యోగాల్లో 20 శాతం తన దగ్గర ఈ చట్టం కింద శిక్షణ (యాక్ట్ అప్రెంటిస్) పూర్తి చేసినవాళ్లకు కేటాయించింది. మన ఊళ్లలో తల్లిదండ్రులు ‘యాక్ట్ అప్రెంటిసా?’ అని ఆశగా అడగడం వెనక ఉన్నది ఇదే. ప్రైవేటు కంపెనీ విధానమేమిటో చేరేముందే గేటు బోర్డు మీద రాసి పెట్టమని అడగడంలో అతి ఏమీ లేదు. కిందటేడు ఎంతమందికి నేర్పాం, ఎంతమందిని తీసుకున్నాం అన్న రెండు అంకెలు చాలు. కుర్రాళ్లు వాళ్లంతట వాళ్లే ఏ గేటుకు వెళ్లాలో తేల్చుకుంటారు.

ఇంతకీ మేస్త్రీలను ఎక్కణ్నుంచి తేవాలి? విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి ఏటా రిటైరైనవాళ్లు, 2025లో వీఆర్ఎస్ తీసుకుని ముందే బయటికొచ్చినవాళ్లు గాజువాక, కూర్మన్నపాలెం చుట్టూనే ఉన్నారు. ముప్ఫై ఏళ్ల పనితనం వాకిట్లో పేపరు చదువుకుంటూ కూర్చుంది. వాళ్లలో పదిమందికి గౌరవ వేతనమిచ్చి వారానికి రెండు రోజులు కోటపాడుకో చోడవరానికో రప్పించి, రోడ్డు పక్క షెడ్ల కుర్రాళ్లను ఒకచోట చేర్చి డ్రాయింగు చదవడం, కొలతలు, కరెంటు జాగ్రత్తలు చెప్పించవచ్చు. మిగతా రోజులు కుర్రాడు షెడ్డులోనే ఉంటాడు, షెడ్డు ఓనరుకూ నేర్పినందుకు నెలకింత అని ముట్టాలి. పది షెడ్లు కలిసి ఒకే సంస్థగా నమోదయ్యే వెసులుబాటు, ఏడాదికోసారి దగ్గర్లోని ప్రభుత్వ ఐటీఐ వాళ్ల చేత పరీక్ష. పాసైతే ఫ్యాక్టరీ అప్రెంటిస్‌కిచ్చే సర్టిఫికెట్టే వీడికీ ఇవ్వాలి, చిన్నది ఇంకోటి కాదు.

కేంద్రం భరించే 1,500లో కొంత ఆ సీనియర్ ఫిట్టర్ ఖాతాలో నేరుగా వేస్తే అతనూ కుర్రాణ్ణి టీకి పంపేముందు ఒకసారి ఆలోచిస్తాడు. అచ్యుతాపురం, పరవాడల్లాంటి చోట ఇది చదువు సంగతి మాత్రమే కాదు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసైన్షియా కంపెనీలో పేలుడు 17 మందిని పొట్టన పెట్టుకుంది. సాల్వెంట్లుండే చోట కొత్తగా వచ్చిన కుర్రాడికి మొదటి వారం చెప్పాల్సినవి చెప్పే మనిషి పేరు రాసి ఉండాలి. జరగరానిది జరిగితే ఆ రాత ఎదుట యజమాని సంజాయిషీ ఇచ్చుకోవాలి.

నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కు, ఉక్కు ఫ్యాక్టరీ అంటున్నారు, పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన చేశారు. వీటికి భూమి ఎంత, నీళ్లెన్ని, కరెంటు మీద రాయితీ ఎంత అని పేజీలకు పేజీలు ఒప్పందాలు రాసుకుంటారు. ఉత్పత్తి మొదలుకావడానికి ఇంకా సమయం ఉంది. ఆ లోపు ఏ ట్రేడులో, ఎందరికి, ఎవరి చేత నేర్పిస్తారో అదే ఒప్పందంలో ఒక షరతుగా పెట్టమని అనకాపల్లి కలెక్టరేట్‌లో ఈ నెలే అడగొచ్చు. భూమి పట్టా చేతికిచ్చేశాక అడిగితే, స్థానికులకు నైపుణ్యం లేదన్న జవాబు సిద్ధంగా ఉంటుంది.