ఇల్లు విడిచిన పిల్లలకు నీడ ఎంతవరకు?

పట్టుకున్న లెక్క చాలదు. నిలదొక్కుకున్న లెక్క కావాలి

విజయవాడ: చెన్నై, హౌరా, కాజీపేట, గుంటూరు, మచిలీపట్నం వైపులకు వెళ్ళే రైళ్ళు కలిసే జంక్షను విజయవాడ. ఊళ్ళో అలిగి రైలెక్కిన పిల్లలు తేలే చోట్లలో ఇది ముఖ్యమైనది. పరీక్ష తప్పితే కొడతారన్న భయం, తండ్రి తాగుడు, సవతి పోరు, అప్పు కింద పనికి పెట్టడం, సినిమా మోజు - కారణం ఏదైనా కావచ్చు. ప్లాట్‌ఫారం మీద దిగిన పిల్లవానికి ముందుగా కావలసింది ఆ రాత్రి తలదాచుకునే చోటు.

ఏర్పాట్లు లేవని అనడానికి వీలులేదు. ఇలాంటి పిల్లల కోసం డాన్ బాస్కో సంస్థ 1989లోనే విజయవాడలో నవజీవన్ బాలభవన్‌ను నెలకొల్పింది. 1996లో ముంబయిలో మొదలైన 1098 ఫోను సదుపాయం దేశమంతటికీ విస్తరించింది. 2023 నుంచి దానిని ప్రభుత్వమే నడుపుతోంది. స్టేషన్లలో ఒంటరిగా తిరిగే పిల్లలను కాపాడేందుకు రైల్వే రక్షక దళం 2018లో 'నన్హే ఫరిష్తే' కార్యక్రమం చేపట్టింది. వీటన్నిటికీ ఆధారంగా 2015 నాటి బాలల న్యాయ చట్టం ఉంది. అయితే ఇవన్నీ కలిసి ఒక పిల్లవాణ్ణి ఎంతవరకు గట్టెక్కిస్తున్నాయన్నదే ప్రశ్న.

మొదటి 24 గంటలు

దొరికిన పిల్లవాణ్ణి ప్రయాణ కాలం పోను 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరు పరచాలని చట్టం చెబుతోంది. కమిటీలో అధ్యక్షునితో పాటు నలుగురు సభ్యులుంటారు. వారిలో కనీసం ఒకరు మహిళ కావాలి. ఇంటి పరిస్థితులపై 15 రోజుల్లో నివేదిక తెప్పించుకుని, నాలుగు నెలల్లో తుది ఉత్తర్వు ఇవ్వాలి.

ఈలోగా పిల్లవాడు ఉండడానికి రెండు రకాల చోట్లు ఉన్నాయి. ఒకటి బాలల గృహం. ఇక్కడ ఎక్కువ కాలం ఉంచి చదివిస్తారు. రెండవది ఓపెన్ షెల్టర్. ఇది కొద్ది రోజుల మజిలీ. వారాల తరబడి రైళ్ళలో తిరిగిన కుర్రవాణ్ణి ఒక్కసారిగా తాళం వేసిన గేటు వెనక కూర్చోబెడితే గోడ దూకుతాడు. స్నానం, అన్నం, పడక చూపించి, నాలుగు రోజులు నమ్మకం కుదిరిన తరువాత మాట్లాడితే ఊరి పేరు చెబుతాడు. ఓపెన్ షెల్టర్ ఉపయోగం ఇదే. కొద్ది రోజుల చోటే శాశ్వత మకాంగా మారితే మాత్రం అటు చదువూ ఉండదు, ఇటు ఇల్లూ ఉండదు. ఆడపిల్ల విషయంలో ఒక్క రాత్రి ఆలస్యమైనా ప్రమాదమే. ఆమెకు మహిళా సిబ్బంది ఉన్న ప్రత్యేక వసతి ఆ పూటే దొరకాలి.

ఇంటికి చేర్చడంతో పని తీరదు

పిల్లలను సంస్థలలో ఉంచడం ఆఖరి మార్గం కావాలని, వీలైనంతవరకు కుటుంబానికే చేర్చాలని చట్టం సూత్రం. ఇది సబబైనదే. చిక్కంతా ఇంటికి చేర్చిన తరువాత వస్తుంది. తల్లిదండ్రులు సంతకం పెట్టి పిల్లవాణ్ణి తీసుకుపోతారు. దస్త్రం ముగుస్తుంది. కాని ఇంట్లో తాగుడు మానలేదు, అప్పు తీరలేదు, బడిలో పేరు తిరిగి ఎక్కలేదు. అటువంటి పిల్లవాడు మళ్ళీ రైలెక్కితే ఆశ్చర్యం లేదు. ఈసారి వానికి దారి కూడా తెలుసు.

అందుచేత ఎంతమందిని పట్టుకున్నారు, ఎంతమందిని ఇంటికి పంపారు అన్న అంకెలతో పథకాన్ని మెచ్చుకోవడం తొందరపాటు. ఇంటికి చేరిన పిల్లలలో ఆరు నెలల తరువాత ఎందరు ఇంట్లోనే ఉన్నారు, ఎందరు బడికి పోతున్నారు అన్నదే అసలు లెక్క. ఇంటికి పోవడమే ప్రమాదమైన పిల్లలను తిరిగి అక్కడికే తోలితే, అది కాగితం మీద విజయమే కాని పిల్లవానికి మేలు కాదు.

పద్దెనిమిదేళ్ళు నిండిన రోజు

అన్నిటికంటే బలహీనమైన మెట్టు ఇది. 18 ఏళ్ళు నిండగానే బాలల గృహం నుంచి బయటకు రావాలి. ఇంటివద్ద పెరిగిన కుర్రవానికి ఆ వయసులో ఎవరూ మూట కట్టి ఇవ్వరు. వసతి గృహంలో పెరిగినవానికి మాత్రం ఉండడానికి గది, చేయడానికి పని ఒకేసారి వెతుక్కోవలసి వస్తుంది. పేదల కోసం పట్టణాలలో రాత్రి ఆశ్రయాలున్నా, అవి పెద్దలతో కలిసి పడుకునే చోట్లు; కొత్తగా కాలూనుకునే యువకునికి తగినవి కావు.

చట్టం దీనిని గుర్తించి 21 ఏళ్ళ వరకు సాయం కొనసాగించవచ్చని చెప్పింది. మిషన్ వాత్సల్య పథకం కింద ఇలాంటి వారికి నెలకు రు. 4,000 ఇచ్చే వీలుంది. పట్టణంలో గది అద్దె, తిండి, బస్సు చార్జీలు లెక్కేస్తే అది చాలీచాలని మొత్తమే. నలుగురైదుగురు యువకులకు కలిపి ఒక ఇల్లు, చేతిలో ఒక పని, ఆధార్ వంటి కాగితాలు 18వ ఏట అడుగుపెట్టకముందే సిద్ధమైతే ఆ సొమ్ముకు ఫలితం ఉంటుంది. కాగితాలు లేనివానికి అద్దెకు గది దొరకడమే కష్టం.

ఊళ్ళో చేయదగినవి

సమస్య స్టేషనులో కనిపించినా మొదలయ్యేది ఊళ్ళోనే. పేద కుటుంబాల పిల్లలు ఇంట్లోనే ఉండి చదువుకునేందుకు ఇదే పథకంలో స్పాన్సర్‌షిప్ కింద కూడా నెలకు రు. 4,000 ఇస్తారు. గ్రామాలలో కుటుంబ ఆదాయం ఏడాదికి రు. 72,000 మించకూడదు. భర్త పోయిన తల్లులు, తల్లిదండ్రులు లేక తాతయ్య, అమ్మమ్మల పంచన ఉన్న పిల్లలు దీనికి అర్హులు కావచ్చు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అర్జీ పెట్టుకోవాలి.

పిల్లవాడు కనబడకపోతే 'రెండు రోజులు చూద్దాం' అని ఆగరాదు. ఫిర్యాదు రాగానే కేసు నమోదు చేయాలని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించింది. దిక్కులేని పిల్లవాడు తారసపడితే 24 గంటల్లో తెలియజేయకపోవడం నేరం. అందుకు ఆరు నెలల జైలు, రు. 10,000 జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఊరుగాని ఊరు పిల్లవాణ్ణి కప్పులు కడగడానికి పెట్టుకునే హోటలు యజమానులు ఇది గమనించాలి. సంక్షేమ కమిటీ పనితీరుపై ఫిర్యాదు ఉంటే జిల్లా కలెక్టరుకు చెప్పుకోవచ్చు.

కమిటీ పనిని మూడు నెలలకొకసారి సమీక్షించే బాధ్యత కలెక్టరుదే. ఆ సమీక్షలలో, ఇంటికి చేరినవారు నిలిచారా, 18 నిండినవారు ఎక్కడ నిద్రపోతున్నారు అన్న రెండు ప్రశ్నలు తప్పనిసరిగా వేయాలి. వాటికి జవాబు దొరికే వరకు పథకాల మంచి చెడ్డలు తేలవు.