గుట్టదారిని సైకిలు

జనగామనుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసినది. కళాశాలలో చదువుచున్న యామె కుమార్తె తోడి బాలికలు నలుగురితో గూడి, సైకిళ్లపై ఉదయమున బయలుదేఱి కొండదారు లెక్కి దిగి సాయంకాలమునకు ఇల్లు చేరెదనని పట్టుపట్టినదట. తండ్రి వలదనెను. తల్లి యెటును తేల్చుకొనలేక మమ్మడుగుచున్నది.

ముందుగా దారి సంగతి. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి సీమలలో మేఘముల నంటు కనుమలు లేవు. జనగామ మెట్టభూమి, పాలకుర్తి గుట్టవంటి రాతిగుట్ట లందు విడివిడిగా నిలిచియుండును. మహబూబాబాదు వైపున గూడూరు దాటి భీముని పాదము జలపాతమునకు పోవునపుడు అడవి చిక్కనగును. అసలైన ఘాటు కావలెనన్న అనంతగిరి మీదుగా అరకునకో, మారేడుమిల్లికో, నిర్మలు దాపున మహబూబు ఘాటునకో పోవలయును. (పేరునుబట్టి ఈ ఘాటు మహబూబాబాదులో నున్నదనుకొనువారు కలరు, రెంటికిని చాల దూరము.)

మన బాలికలకు తొలి కనుమ ములుగు వాకిట నున్న గట్టమ్మ గుట్టయే. ములుగు 2019 వఱకు భూపాలపల్లి జిల్లాలోనిదే. మేడారము పోవువా రచ్చట బండి నాపి అమ్మవారికి మ్రొక్కి కాని ముందునకు సాగరు. అటుపై పాలంపేటలో 1213 నాటి రామప్పగుడి, గణపురమున కోటగుళ్లు చూచి ములుగునకు మరలుట ఒక పగటికి చాలును. హనుమకొండనుండియే తొక్కినచో రానుపోను నూఱు కిలోమీటర్లకు మించును, క్రొత్తవారికి తగదు.

తండ్రి భయము వట్టిది కాదు. కాని భయపడవలసినది గుట్టకుగాదు, లారీలకు. భూపాలపల్లి బొగ్గు, గోదావరి యిసుక మోయు బండ్లు ఆ సీమ దారులను విడువవు. తెల్లవాఱకముందు, చీకటిపడినపిదప పెద్దదారిపై నుండరాదు.

ఎక్కుట కష్టమేగాని ప్రమాదము కాదు. ముందు చిన్న పళ్లచక్రము, వెనుక పెద్దది తగిలించి మెల్లగా తొక్కవలయును. ఆయాసమైన దిగి నడచుటకు సిగ్గేల? దిగుటయే గండము. గతసంవత్సరము మార్గశిరమున మేము కొందఱము ఆ దారిని పోతిమి. పల్లమున నొక మలుపుకడ రాలిన యిసుకపై మాలో నొకామె ముందు బ్రేకును గట్టిగా నొక్కెను. చక్రము జాఱి మోకాలు చీరుకొనిపోయినది. వేగము మలుపునకు ముందే తగ్గించుకొనవలెనని ఆమెకు తెలియకపోలేదు. గాలి చెవులలో హోరుమనుచుండగా మఱచినది! శిరస్త్రాణముండుటచే తల నిలిచినది. నీరు, పంక్చరు అతుకులు, గాలిపంపు మా సంచిలో నుండెనుగాని గుడ్డపట్టీ మాత్రము లేదు. చున్నీ చించి కట్టితిమి.

ఆడువారి కిది క్రొత్త గాదు. 1924లో ఇటలీ దేశపు పెద్దపందెమున ఆల్ఫొన్సీనా స్ట్రాడా యను నామె పురుషులతోపాటు కొండలు దాటినది. నడుమ హ్యాండిలు విఱుగగా చీపురుకఱ్ఱతో కట్టుకొని సాగినదట. మన ప్రక్క పుదుక్కోట్టలో 1990వ దశకారంభమున అక్షరాస్యతోద్యమముతోపాటు వేలకొలది గ్రామస్త్రీలు సైకిలు నేర్చిరి.

కావున సోదరికి మా సలహా యిది. ఎండలు ముదురకముందే ఒక ఆదివారమున తండ్రిని స్కూటరుపై వెంటబెట్టుకొని, బాలికలు గట్టమ్మ గుట్ట యెక్కి దిగి రావలయును, అంతకుమించి పోరాదు. ఆయన కన్నులార చూచి యేమనెనో మాకు వ్రాయుడు.