మూయవలసిన తలుపు బార్లా, తెరవవలసిన తలుపుకు తాళం

మా వీధిలో ఒక పెద్దావిడ తెల్లవారుజామున స్నానాల గదికి వెళుతూ తూలిపడి తుంటి ఎముక విరుగగొట్టుకొన్నారు. ఆమె వయసు డెబ్బై రెండు. ఆసుపత్రిలో చూడబోయినప్పుడు తలగడ పక్కన మందుల సంచి కనబడితే, పాత అలవాటు కొద్దీ విప్పి చూశాను. రక్తపుపోటు మాత్రలు, కాల్షియం మాత్రలు, వాటి అడుగున అర మిల్లీగ్రాము అల్ప్రజోలం స్ట్రిప్పులు నాలుగు ఉన్నాయి.

"ఇవి ఎవరు వ్రాశారమ్మా?" అని అడిగాను.

"మీ బావగారు పోయినప్పుడు నిద్ర పట్టడం లేదంటే ఒక డాక్టరుగారు పదిరోజులకు వ్రాశారు అన్నయ్యగారూ. మానేస్తే గుండె దడ, చేతులు వణుకు. అప్పటినుంచీ వేసుకొంటూనే ఉన్నాను. చీటీ ఎప్పుడో చిరిగిపోయింది. ఖాళీ స్ట్రిప్పు చూపిస్తే షాపు అబ్బాయి ఇస్తాడు" అన్నారు.

ఆమె భర్త పోయి తొమ్మిదేళ్లయింది. పదిరోజుల మందు తొమ్మిదేళ్లు నడిచింది. ఆ తొమ్మిదేళ్లలో ఆమెను ఆపినవారు లేరు, అడిగినవారు లేరు.

ఆ రాత్రి నాకు మరొక స్త్రీ గుర్తుకు వచ్చింది. 1994లో నేను ఒక జిల్లా ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. గర్భాశయ ముఖద్వార క్యాన్సరు ముదిరి, నడుము ఎముకల లోపలికి ప్రాకిన నలభై ఏళ్ల కూలి మనిషిని ఎడ్లబండి మీద తీసుకొని వచ్చారు. కోయడానికి, కిరణ చికిత్సకు సమయం మించిపోయింది. మిగిలింది నొప్పి ఒక్కటే. ఆమె భర్త నా చేతులు పట్టుకొని, "బతికించమని అడగట్లేదయ్యా. ఆ అరుపు ఆపండి, చాలు" అన్నాడు. మార్ఫిన్ మాత్రలకు ఇండెంటు పెట్టాను. లైసెన్సు గడువు తీరిందన్న జవాబుతో అది తిరిగి వచ్చింది. శస్త్రచికిత్సల కోసం దాచిన సూదిమందు కొద్దిగా బీరువాలో ఉంది. "లెక్క తేడా వస్తే సంతకం పెట్టినవాడే జైలుకు పోతాడు, ఆలోచించుకో" అన్నారు పై అధికారి. నేను ఆలోచించుకొన్నాను. సంతకం పెట్టలేదు. పెంటజొసిన్, డైజెపాం సూదులతో నెట్టుకొని వచ్చాను. ఆమె పదకొండు రోజులు అరిచి పోయింది. నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన తప్పులలో దీనిని మొదట లెక్కించుకొంటాను.

ఈ ఇద్దరు స్త్రీల కథా ఒకటే. మన దేశంలో మాదకత కలిగిన మందుల నియంత్రణ తలక్రిందులుగా నడుస్తున్నది. కట్టడి ఉండవలసిన చోట అది కాగితం మీద ఆగిపోయింది. కరుణ ఉండవలసిన చోట కట్టడి ఇనుప తలుపై నిలిచింది.

చట్టాలు లేక ఈ దుస్థితి రాలేదు. మందుల షాపులో మందు అందించవలసినది నమోదైన ఫార్మసిస్టు మాత్రమే, లేదా ఆయన కళ్లెదుట మరొకరు. 1948 నాటి ఫార్మసీ చట్టం ఆ మాట చెబుతున్నది. మందుల చీటీలో వైద్యుని సంతకం, తేదీ, రోగి పేరు, చిరునామా, మందు మొత్తం, మోతాదు ఉండాలని ఔషధ నియమావళి శాసిస్తున్నది. 2013లో హెచ్-1 అనే కొత్త జాబితా ప్రకటించి, 2014 మార్చి 1 నుంచి అమలులోనికి తెచ్చారు. అల్ప్రజోలం, డైజెపాం, నైట్రజెపాం, జోల్పిడెం, ట్రమడాల్, కోడీన్ అందులో ఉన్నాయి. క్షయ మందులు, పెద్ద ఆంటీబయాటిక్‌లు కూడా ఉన్నాయి. ఈ మందు అమ్మిన ప్రతిసారీ వైద్యుని పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, పరిమాణం ప్రత్యేక రిజిస్టరులో వ్రాసి, ఆ రిజిస్టరును మూడేళ్లు భద్రపరచాలి. డబ్బా మీద ఎర్రని గీతల చట్రంలో హెచ్చరిక ఉండాలి. కెటమిన్ వంటివి ఉన్న ఎక్స్ జాబితా ఇంకా కఠినమైనది. చీటీ రెండు ప్రతులుగా వ్రాయాలి, ఒక ప్రతిని షాపువారు రెండేళ్లు దాచాలి, మందును తాళం వేసిన బీరువాలో ఉంచాలి. 2018లో ట్రమడాల్‌ను మాదకద్రవ్యాల చట్టం పరిధిలోనికి కూడా తెచ్చారు.

ఇన్ని నియమాలు ఉండగా మా వీధి పెద్దావిడకు తొమ్మిదేళ్లు మాత్రలు ఎలా అందాయి? మీ ఊరి మందుల షాపుకు వెళ్లి చూడండి. గోడ మీద అద్దాల చట్రంలో ఫార్మసిస్టు సర్టిఫికెట్ వేలాడుతూ ఉంటుంది, ఆ మనిషి మాత్రం అక్కడ ఉండడు. సర్టిఫికెట్‌ను నెల అద్దెకు ఇచ్చి, తాను వేరే ఊరిలో వేరే ఉద్యోగం చేసుకొంటూ ఉంటాడు. కౌంటరు వెనుక ఉన్న పదో తరగతి పిల్లవాడికి మందు ధర తెలుసు, రంగు తెలుసు, గుణం తెలియదు. హెచ్-1 రిజిస్టరు ఉండే షాపులు ఉన్నాయి. దానిని తనిఖీ ముందురోజు రాత్రి ఒకే కలంతో, ఒకే చేతివ్రాతతో నింపే షాపులూ ఉన్నాయి. నిజాయతీగా నడిపే షాపు యజమానులను నేను ఎరుగుదును. చీటీ అడిగినందుకు వారి కొనుగోలుదారు పక్క షాపుకు పోతున్నాడు. నిజాయతీకి నష్టం, నిర్లక్ష్యానికి లాభం వచ్చే ఏర్పాటు ఎక్కువకాలం మంచివారిని నిలువనీయదు.

నా వృత్తివారిని వదిలిపెట్టి షాపులవారిని మాత్రమే నిందించడం ధర్మం కాదు. నిద్రమాత్రను ఎన్నాళ్లు వాడాలో, ఎలా తగ్గించి మానాలో చీటీ మీద వ్రాసే వైద్యులు ఎందరు? అల్ప్రజోలం వర్గపు మందులు రెండు నుంచి నాలుగు వారాలకు మించి నిత్యం వాడదగినవి కావు. శరీరం వాటికి అలవాటు పడుతుంది. హఠాత్తుగా మానితే వణుకు, దడ, నిద్రలేమి, కొందరిలో మూర్ఛలు వస్తాయి. వృద్ధులలో జ్ఞాపకం మందగిస్తుంది, అడుగు తడబడుతుంది, ఎముక విరుగుతుంది. మద్యంతో గాని, నల్లమందు సంబంధమైన మందులతో గాని కలిస్తే శ్వాసే ఆగిపోవచ్చు. చీటీ మీద ఒక వాక్యం వ్రాయడానికి పట్టే అర నిమిషం మనకు లేకపోయింది.

ఇదే అల్ప్రజోలం తెలంగాణ పల్లెలలో కల్లు కుండలోనికి చేరిన సంగతి పాఠకులకు తెలిసినదే. ఈత, తాటి చెట్ల కల్లు చాలనప్పుడు నీళ్లలో మత్తుమందు కలిపి అమ్మడం అక్కడ ఏళ్ల తరబడి సాగిన వ్యాపారం. క్లోరల్ హైడ్రేట్, డైజెపాం, అల్ప్రజోలం, ఏది దొరికితే అది కలిపారు. 2015లో ప్రభుత్వం కల్తీ కల్లుపై విరుచుకుపడినప్పుడు వందలమంది పిచ్చిచేష్టలతో, మూర్ఛలతో ఆసుపత్రులకు పరుగెత్తారు. వారికి పట్టినది పిచ్చి కాదు, అలవాటైన మందు ఆగిపోయినప్పుడు వచ్చే బాధ. తాము ఏ మందుకు బానిసలయ్యారో వారిలో చాలామందికి పేరుకూడా తెలియదు.

ఇక రెండో తలుపు సంగతి.

క్యాన్సరు నొప్పికి నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ ఉత్తమమైన మందు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే మెట్ల పద్ధతి రూపంలో చెప్పింది. మార్ఫిన్ ఆ సంస్థ అత్యవసర ఔషధాల జాబితాలో ఉన్నది. అది పాత మందు, చవకైన మందు. పైగా దాని ముడిసరుకైన నల్లమందు మన దేశంలోనే పండుతున్నది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ అనుమతితో రైతులు గసగసాల పంట వేస్తారు. నీమచ్, గాజీపూర్‌లలోని ప్రభుత్వ కర్మాగారాలు ఆ నల్లమందును శుద్ధిచేసి విదేశాలకు సైతం పంపుతాయి. ఇతర దేశాల రోగుల నొప్పి తీర్చే నల్లమందు మన పొలాలలో పండుతుండగా, మన రోగులు పళ్లు బిగించుకొని చస్తున్నారు.

దీనికి కారణం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, అంతకన్నా ఆ చట్టం పుట్టించిన భయం. వైద్య, శాస్త్రీయ అవసరాలకు వాడుకోవచ్చునని ఆ చట్టంలోనే ఉన్నది. కాని లెక్కలో పొరపాటు దొర్లితే పదేళ్లకు తగ్గని శిక్ష అన్న మాట ముందు ఆ వెసులుబాటు ఎవరికీ కనబడలేదు. కొనడానికి ఒక అనుమతి, రవాణాకు ఒకటి, నిలువ ఉంచడానికి ఒకటి, ఇలా నాలుగైదు కాగితాలు వేర్వేరు శాఖల నుంచి రావాలి. అన్నీ ఒకే సమయంలో చెల్లుబాటులో ఉండాలి. ఒకటి వచ్చేసరికి మరొకటి గడువు తీరేది. ఆసుపత్రులు మార్ఫిన్ తెప్పించడమే మానుకొన్నాయి. చట్టం వచ్చిన పన్నెండేళ్లలో దేశంలో వైద్యపరమైన మార్ఫిన్ వాడకం తొంభై శాతానికి పైగా పడిపోయింది. ఒక తరం వైద్యులు మార్ఫిన్ చీటీ వ్రాయకుండానే వైద్యులయ్యారు. నేర్పవలసినవారికే అది తెలియకపోతే నేర్చుకొనేవారికి ఎక్కడ తెలుస్తుంది?

2001లో శిక్షలను పరిమాణాన్ని బట్టి సవరించారు. 2014లో పార్లమెంటు మరింత మేలైన పని చేసింది. మార్ఫిన్, ఫెంటనిల్, మెథడోన్, కోడీన్, ఆక్సికోడోన్, హైడ్రోకోడోన్ అనే ఆరు మందులను అత్యవసర మాదక ఔషధాలుగా వేరుచేసి, దేశమంతటికీ ఒకే నియమం పెట్టింది. ఇప్పుడు ఆసుపత్రి రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి వద్ద గుర్తింపు పొందిన వైద్యసంస్థగా నమోదైతే చాలు. నొప్పి నివారణలో శిక్షణ పొందిన వైద్యుడు బాధ్యత వహించాలి, ఏడాదికి ఎంత కావాలో అంచనా పంపాలి, వచ్చినదానికీ ఇచ్చినదానికీ రోజువారీ లెక్క వ్రాయాలి. సరైన కట్టడి ఇటువంటిదే. ఇందులో భయపడవలసినది ఏమీ లేదు.

అయినా ఎన్నో జిల్లాలలో ఆ దరఖాస్తు పెట్టే చేయి లేదు. దరఖాస్తు కాగితం కన్నా పాత భయం బలంగా ఉన్నది. హైదరాబాదులోని మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రిలో ఉపశమన చికిత్సా విభాగం చక్కగా పనిచేస్తున్నది. తెలంగాణలో కొన్ని జిల్లా ఆసుపత్రులలోనూ అటువంటి కేంద్రాలు తెరిచారు. మంచిదే. కాని నొప్పితో మెలికలు తిరిగే మనిషి మందు కోసం బస్సెక్కి వంద కిలోమీటర్లు రావాలనడం వైద్యం అనిపించుకోదు.

"సడలిస్తే అమెరికా గతి పడుతుంది" అని కొందరు మిత్రులు హెచ్చరిస్తారు. ఆ భయం అసంగతమని అనను. అక్కడ 1996లో పర్డ్యూ అనే కంపెనీ ఆక్సికోడోన్ మాత్రను విపణిలోనికి దింపి, వ్యసనం ప్రమాదం తక్కువని ప్రచారం చేసింది. ఆ ప్రచారం తప్పుదోవ పట్టించేదని 2007లో న్యాయస్థానంలో నేరాన్ని అంగీకరించింది. ఈలోగా లక్షల కుటుంబాలు నాశనమయ్యాయి. ఆ దేశంలో మందును తోసినది లాభాపేక్ష. నడుంనొప్పికి, పంటినొప్పికి కూడా నెలలకు నెలలు వ్రాయించారు. మరణశయ్య మీది రోగికి గుర్తింపు పొందిన ఆసుపత్రి లెక్క వ్రాసి ఇచ్చే చవక మార్ఫిన్‌కు దానితో పోలిక లేదు. నిజానికి అమెరికా పాఠం వర్తించేది మా వీధి మందుల షాపుకు. అడిగినవాడికి అడిగినంత అమ్మడమే కదా అక్కడా జరిగింది!

మనకు దగ్గరి ఉదాహరణ కేరళ ఉన్నది. 1993లో కోళికోడులో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన సహచరులు ఉపశమన చికిత్సా సంఘం ప్రారంభించి, మార్ఫిన్ మాత్రలను రోగుల ఇళ్లకే ఇచ్చి పంపారు. రెండేళ్ల కాలంలో పదిహేడు వందలకు పైగా రోగులకు అలా ఇచ్చినా, మందు దారి మళ్లిన దాఖలా కనబడలేదని 2001లో లాన్సెట్ వైద్యపత్రికలో ప్రకటించారు. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం ఉపశమన చికిత్సకు ఒక విధానాన్నే రూపొందించింది. చట్టం వారికీ మనకూ ఒకటే. తేడా చట్టంలో లేదు, పూనికలో ఉన్నది.

మార్ఫిన్ ఇస్తే రోగి వ్యసనపరుడవుతాడు, త్వరగా పోతాడు అన్న అపోహ బంధువులలోనూ ఉన్నది. నొప్పికి తగిన మోతాదుతో మొదలుపెట్టి, నాలుగు గంటలకొకసారి ఇస్తూ, అవసరాన్ని బట్టి పెంచితే శ్వాస ఆగదు. మూత్రపిండాలు చెడినవారికి మోతాదు తగ్గించాలి. మలబద్ధకం తప్పదు గనుక విరేచనకారిని మొదటి రోజు నుంచే ఇవ్వాలి. శరీరం మందుకు అలవాటు పడటం వేరు, మనసు మందు కోసం వెంపరలాడటం వేరు. రేపో మాపో పోయే మనిషి ఒక రాత్రి నిద్రపోవడాన్ని వ్యసనమని పిలవడానికి నోరెలా వస్తుంది?

ప్రభుత్వాలను నేను అడిగేవి మూడు. ప్రతి జిల్లా ఆసుపత్రి, ప్రతి వైద్యకళాశాల గుర్తింపు పొందిన వైద్యసంస్థగా నమోదు కావాలి. కానిచోట సూపరింటెండెంటును సంజాయిషీ అడగాలి. బీరువాలో లెక్క తప్పితే అడుగుతున్నట్లే, రోగి నొప్పితో పోతే కూడా అడగాలి. రెండవది, నిద్రమాత్రలను టోకు వ్యాపారి ఏ షాపుకు ఎన్ని పంపాడో, ఆ షాపు రిజిస్టరులో ఎన్ని చీటీలున్నాయో సరిచూడాలి. ఆ తేడా చెప్పే నిజం ఏ ఆకస్మిక తనిఖీ చెప్పదు. మూడవది, సర్టిఫికెట్ అద్దెకిచ్చిన ఫార్మసిస్టు నమోదును రద్దు చేయాలి.

పాఠకులకు నా మనవి. మీ ఇంట్లో పెద్దవారు ఏళ్ల తరబడి నిద్రమాత్రలు వాడుతుంటే భయపడి ఈ రాత్రే ఆపివేయకండి. వైద్యుని పర్యవేక్షణలో వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలి. చీటీ లేకుండా మాత్రలు ఇచ్చే షాపువాడు మంచివాడని మురిసిపోకండి. మీ ఇంట్లో క్యాన్సరు రోగి నొప్పితో బాధపడుతుంటే, "ఇక చేసేది ఏమీ లేదు" అన్న మాటతో వెనుదిరగకండి. ఉపశమన చికిత్స ఎక్కడ ఉన్నదో, మార్ఫిన్ ఎందుకు లేదో గట్టిగా అడగండి. మీరు అడగడం నేరం కాదు. ఇవ్వడం నేరం కాకుండా పోయి కూడా చాలా ఏళ్లయింది.

ముప్పై ఏళ్ల క్రితం ఒక సంతకం పెట్టడానికి నా చేయి ఆడలేదు. ఆనాడు చట్టం అడ్డమని చెప్పుకోవడానికి నాకు ఒక సాకు ఉండేది. ఈనాటి వైద్యులకు ఆ సాకు కూడా లేదు.