కీర్తిమందిరపు వాకిట కర్ట్ ఫ్లడ్

గౌరవమునకు రెండు విధములుగా కళంకము కలుగును. అర్హత లేనివానికి లభించుట యొకటి. అర్హత కలవానికి లభింపకపోవుట రెండవది. మొదటి దోషము అందరి కంటను పడును; దానిని గూర్చి పదిమందియు ఆక్షేపింతురు. రెండవది కంటబడదు. గోడమీద లేని ఫలకమును చూచి ఆగువారెవరు? అందుచేతనే అది ఏండ్ల తరబడి దిద్దుబాటు లేక నిలిచిపోవును. అమెరికనులకు ప్రాణప్రదమైన బేస్‌బాల్ ఆటలో ఈ రెండవ దోషమును గూర్చి చాలకాలముగా వాదము సాగుచున్నది. ఆట మనది కాకపోయినను, అర్హతను తూచు పని నిత్యము చేయు ఉపాధ్యాయులకును, ఆ తూనికకు లోబడు విద్యార్థులకును ఆ వాదము పరాయిది కాదు.

న్యూయార్కు రాష్ట్రములోని కూపర్స్‌టౌన్ అను చిన్న ఊరిలో 1939లో బేస్‌బాల్ కీర్తిమందిరము తెరవబడెను. దానిని వారు హాల్ ఆఫ్ ఫేమ్ అందురు. ఎన్నికైన ప్రతివారి ముఖబింబమును, ఘనకార్యములును కంచు ఫలకముపై చెక్కి అచ్చట గోడకు అమర్తురు. మొదటి ఎన్నిక 1936లో జరిగెను; టై కాబ్, బేబ్ రూత్ మొదలగు ఐదుగురు నాడు ఎన్నికైరి. కనీసము 10 సీజనులు ఆడి, విరమించిన పిమ్మట ఐదేండ్లు గడచిన ఆటగానిని పత్రికా రచయితలు పరిశీలింతురు. నూటికి 75 ఓట్లు వచ్చినచో ప్రవేశము. నూటికి ఐదైనను రానిచో పేరు జాబితానుండి తొలగును. రచయితలు త్రోసిపుచ్చిన వారిని తరువాత 16 మంది సభ్యుల సంఘమొకటి తిరిగి విచారించును. అందు 12 ఓట్లు కావలెను.

ఈ రెండవ విచారణ ఉండవలసినదేనా అని కొందరు ప్రశ్నింతురు. ఒకసారి కాదన్నవానిని మరల మరల ముందుకు తెచ్చుట ప్రమాణమును దిగజార్చుటయే యని వారి వాదము. అందు కొంత నిజము లేకపోలేదు. 1970 ప్రాంతములలో ఫ్రాంకీ ఫ్రిష్ అను పూర్వపు ఆటగాడు అట్టి సంఘములో పలుకుబడి గల సభ్యుడై యుండగా, ఆయనతో కలిసి ఆడినవారు పలువురు వరుసగా ఎన్నికైరి. జెస్సీ హేన్స్, జార్జ్ కెల్లీ వంటి వారి ఎన్నికను విమర్శకులు నేటికిని స్నేహధర్మమునకు ఉదాహరణగా చూపుదురు. ఆ పొరపాటునుండి మరియొక పొరపాటు పుట్టినది. వారికంటె మావాడేమి తక్కువ యని ప్రతి అభిమానియు అడుగసాగెను. ఇది చెల్లని తర్కము. తరగతిలో ఒకనికి పొరపాటున ఎక్కువ మార్కులు పడినంత మాత్రమున తక్కినవారికెల్ల అన్నియే వేయవలెనని ఏ ఉపాధ్యాయుడును ఒప్పుకొనడు. కనుక ఉపేక్షితులకొరకు వాదించువారు లోపలనున్న బలహీనులను చూపరాదు. తమవాడు చేసిన పనిని చూపవలెను.

అయినను పునర్విచారణయే వద్దనుట న్యాయము కాదు. షికాగో కబ్స్ జట్టునకు మూడవ బేస్ కాపాడిన రాన్ శాంటో సంగతి చూడుడు. ఆయన 2010 డిసెంబరులో మరణించెను. సరిగా సంవత్సరమునకు, 2011 డిసెంబరులో ఎన్నికయ్యెను. ఈ నడుమ ఆయన లెక్కలో ఒక్క పరుగైనను చేరలేదు. 2011లో అర్హుడైనవాడు 2010లో అనర్హుడెట్లగును? డిక్ ఆలెన్ 2014లో ఒక్క ఓటు తక్కువై ఆగిపోయెను. 2020లో జరుగవలసిన ఓటింగు మహమ్మారి వలన వాయిదా పడెను. ఆ డిసెంబరులోనే ఆయన కన్నుమూసెను. 2021లో మరల ఒక్క ఓటు తగ్గెను. తుదకు 2024 డిసెంబరులో ఎన్నికయ్యెను. ఆయనతోపాటు ఎన్నికైన డేవ్ పార్కర్ ఆ వార్త విని సంతసించెను గాని, 2025 జూలైలో జరిగిన ఉత్సవమునకు నెల ముందుగానే మరణించెను. ఇట్టివి చూచినప్పుడు సంఘము వారు ప్రమాణమును కాపాడినారనుటకంటె కాలహరణము చేసినారనుటయే సత్యము.

బక్ ఓనీల్ కథ ఇంకను మనసును కదలించును. నల్లజాతివారికి పెద్ద లీగులలో ప్రవేశము లేని దినములలో నీగ్రో లీగులలో ఆడి, ఆ చరిత్ర మరుగున పడకుండ జీవితాంతము శ్రమించినవాడాయన. 2006లో ప్రత్యేక సంఘమొకటి ఆ లీగులకు చెందిన 17 మందిని ఎన్నుకొనెను. అందు ఆయన పేరు లేదు. అయినను 94 ఏండ్ల ఆ వృద్ధుడు ఉత్సవమునకు వెళ్ళి, ఎన్నికైన వారిని కొనియాడి, సభచేత పాట పాడించెను. ఆ అక్టోబరులోనే కాలధర్మము నొందెను. 2021లో గాని ఆయనను ఎన్నుకొనలేదు.

వీరందరికి ఆలస్యముగానైనను తలుపు తెరచుకొన్నది. నేటికిని తెరచుకొననిది కర్ట్ ఫ్లడ్‌కు. ఉపేక్షితులను ఏ తూనికతో తూచవలెనో తెలుపుటకు ఆయనకంటె తగిన ఉదాహరణము లేదని నా అభిప్రాయము.

ఫ్లడ్ సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టులో మైదానపు నడిమి భాగమును కాచెడి సెంటర్ ఫీల్డరు. 1963 మొదలు 1969 వరకు వరుసగా ఏడు సంవత్సరములు ఫీల్డింగులో శ్రేష్ఠులకిచ్చు గోల్డ్ గ్లోవ్ బహుమతి నందెను. 1966 సీజను మొత్తములో ఆయన చేత ఒక్క తప్పిదమును జరుగలేదు. ఆయన జట్టు 1964లోను, 1967లోను వరల్డ్ సీరీస్ గెలిచెను. బ్యాటింగు సగటు .293, అనగా వేయి మార్లకు 293 పర్యాయములు హిట్టు కొట్టెనన్నమాట.

1969 అక్టోబరులో జట్టు యజమానులు ఆయనను ఫిలడెల్ఫియాకు మార్చివేసిరి. ఆయన ఇష్టము నెవరును అడుగలేదు. అడుగవలసిన పనియు లేదు. ఆనాడు ప్రతి కాంట్రాక్టులోను రిజర్వు క్లాజు అను నిబంధన యుండెడిది. దానినిబట్టి గడువు తీరినను ఆటగాడు యజమానికే కట్టుబడి యుండవలెను. యజమాని ఉంచుకొనవచ్చును, అమ్మవచ్చును, మానిపింపవచ్చును. ఆటగాడు మాత్రము వేరొక జట్టు చూచుకొనరాదు. ఆ డిసెంబరు 24న ఫ్లడ్ లీగుల కమిషనరు బోవీ కూన్‌కు జాబు వ్రాసెను. నా ఇష్టముతో నిమిత్తము లేక కొని అమ్ముటకు నేనొక వస్తువును కానని దాని సారాంశము. కమిషనరు నిరాకరించెను. ఫ్లడ్ 1970 జనవరిలో దావా వేసెను.

ఆయన పోగొట్టుకొనినదేమో ఆలోచింపుడు. వయస్సు 32. ఆటలో మంచి పదును. ఫిలడెల్ఫియాలో సుమారు లక్ష డాలర్ల వార్షిక వేతనము ఎదురుచూచుచున్నది. ఆ దినములలో అది మిక్కిలి పెద్ద మొత్తము. ఆయన 1970 సీజను పూర్తిగా వదలుకొనెను. కోర్టులో ఆయన పక్షమున సాక్ష్యమిచ్చుటకు జాకీ రాబిన్సన్, హాంక్ గ్రీన్‌బర్గ్ అను విరమించిన మహనీయులు వచ్చిరి; ఆనాడు ఆడుచున్నవారిలో ఒక్కరును రాలేదు. 1971లో వాషింగ్టన్ జట్టులో 13 ఆటలు మాత్రమాడి విరమించెను. 1972లో సుప్రీం కోర్టు ఐదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ముగ్గురు మరొకవైపుగా ఆయన వాదమును త్రోసివేసెను. ఆ తీర్పులో న్యాయమూర్తి బ్లాక్‌మన్ ఆటకు పేరు తెచ్చిన పూర్వపు వారిని ఎనుబదిమందికి పైగా పేరుపేరున స్మరించెను. ఎదుట నిలిచిన ఆటగానికి మాత్రము న్యాయము చేకూరలేదు.

ఆయన ఓడిపోయెను గాని, లేవనెత్తిన ప్రశ్న ఓడిపోలేదు. 1975 డిసెంబరులో పీటర్ సైట్జ్ అను మధ్యవర్తి ఇద్దరు బౌలర్ల వ్యాజ్యములో ఆ నిబంధనకు యజమానులు చెప్పుకొన్న అర్థమును కాదని వారికి విముక్తి ప్రసాదించెను. నాటినుండి ఆటగాండ్రకు తమ శ్రమకు తామే వెల కట్టుకొను అవకాశము కలిగినది. 1997లో ఫ్లడ్ మరణించెను. మరుసటి యేడు అమెరికా కాంగ్రెసు ఆటగాండ్ర హక్కును గూర్చి ఆయన పేరుతోనే ఒక చట్టము చేసెను.

ఇక కీర్తిమందిరమునకు వత్తము. ఆ పోరాటములో ముఖ్యులు ముగ్గురు. ప్రతివాది కమిషనరు కూన్, 2007లో ఎన్నికయ్యెను. ఆటగాండ్ర సంఘమును నడిపిన మార్విన్ మిల్లర్. బ్రతికియుండగా పలుమార్లు తిరస్కరింపబడి, ఇక నా పేరు పెట్టవద్దని 2008లో తానే కోరి, 2012లో చనిపోయిన తరువాత 2019లో ఎన్నికయ్యెను. మూడవవాడు వాది ఫ్లడ్. ఎదిరించినవానికి ఫలకమున్నది, వెనుకనుండి నడిపినవానికి ఫలకమున్నది. జీవనోపాధిని పణముగా పెట్టినవానికి లేదు. ఆ పోరాటము స్మరింపదగినది కాదందురా, తక్కిన ఇద్దరి మాట యేమి? స్మరింపదగినదే యందురా, ఫ్లడ్‌ను విడిచి స్మరించుట యెట్లు?

లెక్కలు చాలవని ప్రతిపక్షులు చెప్పుదురు. రచయితల ఓటింగులో ఏనాడును ఆయనకు ఐదవ వంతు ఓట్లైనను రాలేదనుట నిజము. 1861 హిట్లును, 85 హోమ్ రన్నులును మాత్రమే చూచినచో ఆయన వెలుపలనే యుండునని నేనును ఒప్పుకొందును. 1968 వరల్డ్ సీరీస్ చివరి ఆటలో బంతిని సరిగా అంచనా వేయక జట్టు నష్టపోవుటకు కారకుడయ్యెననుటయు దాచవలసిన పని లేదు. కాని కీర్తిమందిరపు నియమములే లెక్కలతోపాటు నిజాయితీని, శీలమును, ఆటకు చేసిన సేవను కూడ తూచుమని చెప్పుచున్నవి. శీలమను మాటను ఆ మందిరమువారు ఇంతవరకు తప్పుచేసిన వారిని వెలుపల నిలుపుటకే ఎక్కువగా వాడుకొనిరి. ఒక గుణమును శిక్షకు మాత్రమే లెక్కించి, మెప్పునకు లెక్కింపకుండుట ధర్మమా? బడిలో నడవడికి మార్కులు తగ్గించు ఉపాధ్యాయుడు మంచి నడవడికి మెప్పైనను ఈయడా? లెక్కలను ప్రక్కన పెట్టుమని నేననుట లేదు; ఏడు సంవత్సరములు తన స్థానమున శ్రేష్ఠుడనిపించుకొన్న ఆటను ఒక పళ్ళెమున వేసి, దానికి తోడు ఆటనే మార్చిన ఆ సాహసమును వేయుమనుచున్నాను. అప్పుడు త్రాసు ఎటు మొగ్గునో చెప్పనక్కరలేదు.

2025లో ఆ సంస్థవారు క్రొత్త నియమమొకటి చేసిరి. 16 మంది సంఘములో ఐదు ఓట్లైనను రానివానిని తరువాతి విడత విచారింపరు. అట్లు రెండుసార్లు జరిగినచో ఇక ఎన్నటికిని విచారింపరు. పదేపదే వచ్చు పేర్లను తగ్గించుటకు ఇది పనికివచ్చునేమో కాని, ఆలెన్ వంటి వారి చరిత్ర చదివినవారు తలుపునకు శాశ్వతముగా తాళము వేయుటకు తొందరపడరాదు. ఇప్పుడున్న వరుసనుబట్టి ఫ్లడ్ కాలపు ఆటగాండ్ర విచారణ మరల 2027 డిసెంబరులో రావలెను. 2024 నాటి జాబితాలో ఆయన పేరే లేదు. ఈసారియైనను చేర్చి ఓటు వేయవలెను.

ఆయనకు ఇది ఆనందము కలిగింపజాలదు. ఆయన పోయి చాలకాలమైనది. ఆ గౌరవము ఇప్పుడు అవసరమైనది మందిరమునకే. తండ్రి చేయి పట్టుకొని ఆ గోడలవెంట నడచు పిల్లవాడు ఎవరెన్ని పరుగులు తీసినారో తెలిసికొనును. ఆ పరుగులు తీసినవారిని స్వతంత్రులను చేయుటకు తన ఆటను త్యజించినవాడు ఒకడున్నాడని కూడ అచ్చటనే తెలిసికొనవలెను.