జయపురం దారిలో కడుపెందుకు తిప్పింది?

పిల్లలూ!

పండగ సెలవులకు చుట్టాల ఊరు వెళ్ళి వచ్చినవాళ్ళు చెప్పే కబుర్లు రెండు రకాలు. అక్కడ ఏమేమి తిన్నారో, ఎవరితో ఆడుకున్నారో చెప్పేవి ఒక రకం. దారిలో ఎవరికి ఎన్నిసార్లు వాంతి అయిందో చెప్పేవి రెండో రకం. ఈ రెండో రకం కబుర్లు వింటూ అందరూ ముక్కు మూసుకుంటారు గాని, వాటిలో బోలెడంత శాస్త్రం ఉన్నది. ఈ నెల దాని సంగతి చూద్దాం.

విశాఖపట్నంలో ఉన్నవాళ్ళకు జయపురంలో చుట్టాలుండటం వింత కాదు. ఇప్పుడది ఒడిషా రాష్ట్రంలో ఉన్నది. కాని 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రంగా ఏర్పడేదాకా జయపురం జమీ అంతా విశాఖపట్నం జిల్లాలోదే. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటేటా లక్ష రూపాయల విరాళం ఏర్పాటు చేశాడు. అక్కడి సైన్సు కళాశాలకు ఆయన పేరే పెట్టారు. రాష్ట్రాల సరిహద్దు మారినంత మాత్రాన మేనత్తలూ, మేనమామలూ మారిపోరు గదా!

మా అక్కయ్య (మా వైపు అప్ప అంటాం) పెళ్ళయి ఆ ఊరు వెళ్ళి అరవై ఏళ్ళు దాటింది. నాకంటే పద్నాలుగేళ్ళు పెద్ద. ఇప్పుడు ఆమె ప్రయాణం చెయ్యలేదు. కనక మేమే వెళ్ళాలి. మొన్న సంక్రాంతికి మా అబ్బాయి, కోడలు, పదేళ్ళ మనవడు, ఏడేళ్ళ మనవరాలు, నేను కారులో బయలుదేరాం. రైలు కూడా ఉన్నది. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చటానికి 1960ల్లో కొండలు తొలిచి వేసిన కొత్తవలస - కిరండూలు లైను జయపురం మీదుగానే పోతుంది. యాభైకి పైగా సొరంగాలతో చూడ ముచ్చటైన దారి. కాని పండగ రోజుల్లో టిక్కెట్లు దొరకటం మన చేతిలో లేదు.

కారు దారి రెండు వందల కిలోమీటర్లకు పైమాటే. విజయనగరం, గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరుదాకా నేల చదునుగా ఉంటుంది. సాలూరు లారీలకు పేరుపడ్డ ఊరు. అది దాటగానే తూర్పు కనుమలు దారికి అడ్డంగా నిలబడతాయి. అక్కడినుంచి సుంకి మీదుగా పొట్టంగిదాకా మెలికలే మెలికలు. కొరాపుట్ చేరేసరికి సముద్రమట్టానికి 850 మీటర్లకు పైన ఉంటాం. మళ్ళీ జయపురానికి ఇంకో ఘాటీ దిగాలి.

సాలూరుదాకా మా మనవడు వెనకసీటులో తల వంచుకుని సెల్‌ఫోనులో ఏదో ఆట ఆడుతూనే ఉన్నాడు. ఘాటీ మొదలయింది. నాలుగు మలుపులు తిరిగేసరికి వాడు ఆవలించటం మొదలుపెట్టాడు. తరవాత మాట్లాడటం మానేశాడు. వాడు నోరు మూసుకున్నాడంటే ఏదో ఉన్నదన్నమాట! చూస్తే మొహం పాలిపోయి, నుదుటిమీద చల్లని చెమట పట్టింది. కారు ఆపించేలోగానే కావలసింది కాస్తా అయింది. రోడ్డు పక్కన రాతిమీద కూర్చుని, నోరు కడుక్కుని, వాడు ఖచ్చితంగా ఒక మాట చెప్పేశాడు: "తాతయ్యా, నేనింక మామ్మ ఊరు రాను."

ఈ మాట నాకు కొంచెం గుచ్చుకున్నది. మామ్మ రాలేదు. వీడు రానంటాడు. ఇక రాకపోకలు ఎలా సాగుతాయి? అంచేత వాడికి అసలు సంగతి చెప్పటం మొదలుపెట్టాను.

"ఒరే, అదే కారు, అవే మలుపులు. మీ నాన్నకు ఎందుకు తిప్పలేదు?" అని అడిగాను. వాడు ఆలోచించాడు. మీరూ ఒక నిమిషం ఆలోచించండి.

చెవి వినటానికే అనుకుంటాం. లోపలి చెవికి ఇంకో ఉద్యోగం కూడా ఉన్నది. అక్కడ మూడు సన్నని గుండ్రటి గొట్టాలున్నాయి. పాఠ్యపుస్తకాలలో వాటిని అర్ధవర్తుల కుల్యలు అంటారు. పేరు చూసి జడుసుకోకండి. కుల్య అంటే కాలవ, అంతే. మూడూ మూడు దిక్కులకు తిరిగి ఉంటాయి. వాటినిండా ద్రవం ఉంటుంది. మనం తల తిప్పినప్పుడు గొట్టం తలతోపాటే తిరుగుతుంది, లోపలి ద్రవం మాత్రం వెనకబడుతుంది. ఆ తేడాకు అక్కడి నూగులాంటి వెంట్రుకలు వంగి, తల ఎటు తిరిగిందో మెదడుకు కబురు పంపుతాయి.

ఇది ఇంట్లోనే చూడవచ్చు. గుండ్రటి గ్లాసులో నీళ్ళు పోసి, నీటిమీద ఒక తులసాకు వెయ్యండి. నీళ్ళు కదలటం మానాక గ్లాసును ఉన్నచోటనే చటుక్కున పావువంతు తిప్పండి. గ్లాసు తిరుగుతుంది, ఆకు దాదాపు ఉన్నచోటే ఉంటుంది. ఇప్పుడు గ్లాసును అల్లాగే కాసేపు తిప్పుతూ ఉండి, ఆపెయ్యండి. గ్లాసు ఆగినా ఆకు తిరుగుతూనే ఉంటుంది. గిరగిరా తిరిగి ఆగాక కూడా లోకం తిరుగుతున్నట్టుండేది ఇందుకే.

కుల్యల పక్కనే రెండు చిన్న సంచులున్నాయి. వాటిలో ఇసుక రేణువులకంటే సన్నని పలుకులుంటాయి. సున్నపురాయి ఏ పదార్థమో అవీ అదే పదార్థం. కారు ముందుకు దూకినా, బ్రేకు పడినా, ఒక పక్కకు ఒరిగినా ఆ పలుకులు జరిగి సంగతి చెబుతాయి.

ఇక మా వాడి గతి చూడండి. చెవి "కుడికి తిరుగుతున్నాం, ఎడమకు తిరుగుతున్నాం, పైకి పోతున్నాం" అని కబుర్లు పంపుతున్నది. కన్ను మాత్రం ఒళ్ళో ఉన్న ఫోనుకే అతుక్కుని, "ఏమీ కదలటం లేదు" అంటున్నది. మెదడు ఎవరి మాట నమ్మాలి? శాస్త్రజ్ఞులు చాలామంది వాంతికి మూలం ఈ తగాదాలోనే ఉన్నదంటారు.

తగాదా తలలో అయితే కడుపు ఎందుకు తిప్పాలి? దీనికి ట్రైస్మన్ అనే శాస్త్రజ్ఞుడు 1977లో ఒక ఊహ చెప్పాడు. పూర్వం అడవుల్లో తిరిగే రోజుల్లో కన్నూ చెవీ పొంతన లేకుండా మాట్లాడేది ఏదైనా విషపు కాయ తిన్నప్పుడే. అంచేత మెదడు "ఏదో విషం తిన్నట్టున్నాడు, బయటికి తోసెయ్యాలి" అనుకుంటుందని ఆయన అన్నాడు. ఇది ఊహే గాని, మా మనవడికి బాగా నచ్చింది. "మరి నేను తిన్నది ఇడ్లీయే గదా, మెదడుకు ఆ మాత్రం తెలీదా?" అన్నాడు.

ఈ బాధ కారుతో పుట్టింది కాదు, ఓడంత పాతది. ఇంగ్లీషులో వికారాన్ని నాసియా అంటారు. అది గ్రీకు భాషలో ఓడ అనే అర్థం గల నౌస్ అనే మాటనుంచి వచ్చింది. మన నావ, నౌక దానికి దగ్గిర చుట్టాలే. బ్రిటిషు నౌకా సేనాని నెల్సన్‌కు సముద్రం పడేది కాదు. బీగిల్ ఓడలో 1831నుంచి 1836దాకా ప్రపంచం చుట్టి వచ్చిన చార్లెస్ డార్విన్ కూడా కడుపు పట్టుకుని పడుకున్నవాడే. వాళ్ళెవరూ ప్రయాణం మానుకోలేదు. రెండు మూడు రోజులు గడిస్తే చాలామందికి మెదడు అలవాటుపడుతుంది. మన విశాఖ రేవులో ఓడ ఎక్కే నావికులను అడిగినా ఆ మాటే చెబుతారు.

ఇంకో చిత్రం వినండి. 1950లు, 60లలో అమెరికా నౌకాదళంవారు, అంతరిక్ష సంస్థవారు గాలడెట్ కళాశాలకు చెందిన పదకొండుమంది చెవిటివారిమీద పరీక్షలు జరిపారు. వారిలో పదిమందికి చిన్నతనంలో మెదడు పొరల జబ్బు వచ్చి, వినికిడితోపాటు తూకం చూసే లోపలి చెవి కూడా పాడయింది. ఒకసారి వారిని పెద్ద అలలున్న సముద్రంమీదికి ఓడలో తీసుకుపోయారు. పరీక్ష చెయ్యటానికి వచ్చినవారు వాంతులతో కూలబడ్డారు. పరీక్షకు వచ్చినవారు మాత్రం హాయిగా పేకాట ఆడుకున్నారు! తూకం చూసే చెవి పనిచెయ్యకపోతే తగాదాయే లేదన్నమాట.

కారు నడిపేవాడి సంగతి వేరు. అతని కన్ను దారిమీదే ఉంటుంది. మలుపు తిప్పేది తనే కనక, అది రాకముందే మెదడుకు తెలుసు. అందుకే మా అబ్బాయికి తిప్పలేదు.

ఇది చెప్పాక ఫోను వాళ్ళమ్మ సంచీలోకి పోయింది. చిన్నపిల్లలు వెనకసీటులో బెల్టు పెట్టుకుని కూర్చోవటమే క్షేమం కనక ముందుకు పంపలేదు. వెనకసీటు మధ్యలో, ముందరి అద్దంలోంచి దారి కనపడే చోట కూర్చోబెట్టాం. కిటికీ కొంచెం దించి గాలి రానిచ్చాం. వాడికో ఉద్యోగం ఇచ్చాను: ప్రతి మలుపూ ముందే చూసి చెప్పాలి. "ఎడమ! కుడి! అమ్మో, పెద్ద కుడి!" అంటూ పొట్టంగిదాకా అరుస్తూనే ఉన్నాడు. వాంతి మళ్ళీ రాలేదు. మా చెవులు మాత్రం గింగిర్లెత్తాయి. (ఘాటీ ఎక్కుతుంటే చెవులు దిబ్బడ వేసేది వేరే సంగతి. పైకి పోయినకొద్దీ గాలి ఒత్తిడి తగ్గటంవల్ల అలా అవుతుంది. గుటక వేస్తే పోతుంది.) రెండేళ్ళ లోపు పాపలకు ఈ జబ్బు దాదాపు రాదు. మీ ఈడువాళ్ళకే ఎక్కువ. పెద్దయినకొద్దీ చాలామందికి తగ్గిపోతుంది. మాత్రలు కావాలంటే డాక్టరును అడిగి వేసుకోవాలి.

ఇక్కడినుంచి మీ నాన్నగారికి కూడా చదివి వినిపించండి.

నిజానికి మేము బయలుదేరవలసింది అంతకు ముందురోజు. భోగినాటికే వస్తామని అప్పకు మాట ఇచ్చాం. మా అబ్బాయిది షిఫ్టుల ఉద్యోగం. రాత్రి షిఫ్టు దిగి పొద్దున్నే ఇంటికి వచ్చి, "స్నానం చేసి బయలుదేరదాం" అన్నాడు. మా కోడలు ఏమీ మాట్లాడకుండా కారు తాళంచెవి తీసుకుపోయి బియ్యం డబ్బాలో పెట్టేసింది.

"దారిలో టీ తాగుతానే," అన్నాడు వాడు.

"టీ సాలూరుదాకా పనిచేస్తుంది. ఘాటీలో ఎవరు పనిచేస్తారు? పడుకోండి," అన్నది.

జయపురంనుంచి ఫోను వచ్చింది. "ఒరే తమ్ముడూ, అరిసెలు వండి పెట్టాను, పండగపూట ఇంకా బయలుదేరలేదేమిరా!" అని అప్ప కేకలు. ఆమెకు వినపడదు కనక నేనూ కేకలు వెయ్యాలి. వీధి వీధంతా విన్నది. మధ్యాహ్నం బయలుదేరితే ఘాటీలో చీకటి పడుతుంది. అంచేత మర్నాడు తెల్లవారాకనే బయలుదేరాం. ఇంట్లో అందరికంటే మా కోడలే తెలివైనదని నేను ఎప్పుడూ అంటూనే ఉంటాను.

పిల్లవాడి వాంతి అందరికీ కనపడుతుంది. నిజానికి అది అంత ప్రమాదం కాదు. నడిపేవాడి అలసట ఎవరికీ కనపడదు, ఒక్కొక్కప్పుడు అతనికి కూడా తెలీదు. పదిహేడు గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి చురుకుదనం, నెత్తురులో 0.05 శాతం సారా ఉన్నవాడితో సమానమని 1997లో పరిశోధకులు కొలిచి చెప్పారు. మన దేశపు చట్టం ప్రకారం 0.03 శాతం దాటితేనే బండి నడపటం నేరం! గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు సుమారు 17 మీటర్లు పోతుంది. మూడు సెకన్లు రెప్ప వాలితే 50 మీటర్లు. ఘాటీలో మలుపుకు 50 మీటర్లు ఎక్కడుంటాయి? తెల్లవారుజామున, మధ్యాహ్నం భోజనమయ్యాక, నిద్ర తనంతట తనే వస్తుంది. కాఫీ తాగితే పనిచెయ్యటానికి అరగంట పడుతుంది, అదీ కాసేపే. పాట పెట్టటం, మొహాన నీళ్ళు కొట్టుకోవటం నిద్రకు బదులు కావు. బండి పక్కకు ఆపి ఇరవై నిమిషాలు కునుకు తీస్తే కొంత మేలు. అసలు మందు రాత్రి నిద్రే.

దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కవలసి వస్తుందో ఆ గేరులోనే దిగాలి, లేకపోతే బ్రేకులు వేడెక్కిపోతాయి. ఇరుకు కొండదారిలో పైకి వచ్చే బండికే ముందు దారి ఇవ్వాలి. ఇవన్నీ మా అబ్బాయికి తెలుసు. నిద్ర పట్టినవాడికి తెలిసి మాత్రం ఏం లాభం?

జయపురం చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. అప్ప గుమ్మంలోనే కూర్చుని ఉన్నది. కాళ్ళు కడుక్కున్నామో లేదో, మా మనవడు నా చొక్కా పట్టుకు లాగి, "తాతయ్యా, మామ్మకు చెవుడు గదా! అయితే మామ్మకు కారులో తిప్పదా?" అన్నాడు.

మంచి ప్రశ్నే. కాని వినే భాగం వేరు, దానికి కర్ణావర్తమని పేరు. తూకం చూసే భాగం వేరు. ముసలితనంలో మొదటిది మందగించినా రెండోది పనిచేస్తూనే ఉండవచ్చు. నేను ఇదంతా చెబుతూండగానే వాడు వెళ్ళి ఆమె చెవిలో గట్టిగా అడిగేశాడు.

"నాకెందుకు తిప్పదురా!" అన్నది అప్ప. "పెళ్ళయిన కొత్తలో సాలూరునుంచి బస్సులో తీసుకొచ్చారు. అయిదుచోట్ల బస్సు ఆపించాను. పుట్టింటికి పోవాలంటే మళ్ళీ ఇదే దారిగదా అని ఆ రాత్రి ఏడ్చాను కూడాను."

"మరి వెళ్ళావా మామ్మా?"

"వెళ్ళకేం! ఏటా వెళ్ళాను. బుగ్గన ఉసిరికాయ పెట్టుకుని, డ్రైవరు వెనకసీటు ఎవరున్నా లేపేసి, దారి చూస్తూ కూర్చునేదాన్ని," అని అప్ప అరిసెల డబ్బా మూత తీసింది.