తొలి వేడి చల్లారిన తరువాత

ఆంగ్ల సాహిత్యం చదువుకొని అనువాదాన్ని వృత్తిగా పెట్టుకొన్నవాడి బల్లమీదకు నిత్యమూ నవలలూ నాటకాలే వస్తాయని చాలామంది భావిస్తారు. నిజానికి నా బల్లమీదకు ఎక్కువగా వచ్చేవి మందుల సీసాలతోపాటు ఉండే కాగితాలు, నీటి పంపుల సూచనలు, బీమా షరతులు. ఇన్నేళ్ళలో నా అనువాదం వల్ల ఒక యంత్రం పాడయ్యే పరిస్థితి మాత్రం ఒక్కసారే వచ్చింది. ఆ సంగతి ఈ నెల చెప్పదలచాను.

మా బావగారు 2013లో ఒక బుల్లెట్ కొన్నారు. 350 సీసీ, ఒకే సిలిండరు, కార్బురేటరు ఉన్న బండి. ఆయన పోయిన తరువాత అది మేనల్లుడి చేతికి వచ్చింది. విజయవాడలో వాడి ఉద్యోగానికీ దానికీ విడదీయరాని సంబంధం. తండ్రి బండిని తళతళలాడేలా ఉంచుకోవడంతో తృప్తిపడితే బాగుండేది. ఇంకొంచెం చురుకుగా పరుగెత్తించాలని కోరిక పుట్టింది. ఇంజను నుంచి సైలెన్సరు దాకా ఒంపు తిరిగి వచ్చే గొట్టాన్ని మన మెకానిక్కులు బెండ్ పైపు అంటారు, ఆంగ్లంలో హెడర్. కంపెనీ అమర్చిన ఆ గొట్టాన్ని విప్పించి, బయటి తయారీది ఒకటి తెప్పించుకొన్నాడు. దానితో వచ్చిన సూచనల కాగితాన్ని ఫొటో తీసి హైదరాబాదులో ఉన్న నాకు పంపించాడు.

"మామయ్యా, తెలుగులో రాసి పంపించు. మన మెకానిక్కుకు ఇస్తాను" అన్నాడు.

రాశాను. ఫస్ట్ హీట్ సైకిల్ తరువాత నట్లను మళ్ళీ టార్కు చేయమని ఒక వాక్యం ఉన్నది అందులో. దానిని నేను "ప్రథమ ఉష్ణచక్రానంతరం బంధనములను పునర్బిగింపు చేయవలెను" అని తర్జుమా చేశాను. పునర్బిగింపు దుష్టసమాసమని అప్పుడే మనసుకు తట్టింది. మా తెలుగు మాస్టారు చూస్తే చెవి మెలిపెట్టేవారు. నన్ను బాధించిన దోషం అదొక్కటే. అసలు దోషం మరొకటున్నదని మూడు నెలల తరువాత గాని తెలియలేదు.

బిగించిన వారానికే బండి గొడవ మొదలుపెట్టింది. యాక్సిలరేటరు వదిలినప్పుడల్లా వెనుకనుంచి ఫట్‌ఫట్‌మని పేలుడు. మా అక్క ఆ చప్పుడుకు ఉలిక్కిపడి వీధి తలుపు దగ్గరకు వచ్చేది. మొదట చూపించిన షెడ్డువారు పెట్రోలు తక్కువ పడుతున్నదన్నారు. కార్బురేటరు విప్పి పెద్ద మెయిన్ జెట్ వేశారు. చప్పుడు కొంచెం మారింది గాని పోలేదు. ఇంకా పెద్దది వేశారు. లీటరుకు ముప్ఫై అయిదు కిలోమీటర్లు ఇచ్చే బండి ఇరవై అయిదుకు దిగింది. ప్లగ్గు మసిబారింది. ఇంజను ఆయిలు పెట్రోలు వాసన కొట్టసాగింది. చివరికి వాల్వులు కాలిపోయి ఉంటాయని, ఇంజను దించాలని తేల్చారు. అక్క నాకు ఫోను చేసి, "ఆయన బండిని ముక్కలు చేస్తారట్రా" అన్నది. దసరాకు నేను విజయవాడ వెళ్ళాను.

ఆటోనగరులో మాకు దొరికిన పెద్ద మేస్త్రి ముందుగా అడిగినది ఒక్కటే: "గొడవ రాకముందు ఆఖరున ఏం ముట్టుకొన్నారు?" బెండ్ పైపు అన్నాడు మావాడు. "అయితే కార్బురేటరు దగ్గరకు ఎందుకు పోయారు?"

సబ్బునీళ్ళు కలిపి చిన్న కుంచె తెప్పించాడు. ఇంజను చల్లగా ఉండగానే, గొట్టం సిలిండరు హెడ్డుకు తగిలే అతుకు చుట్టూ ఆ నురగ పూసి, బండి స్టార్టు చేయమన్నాడు. కుర్రవాడొకడు సైలెన్సరు చివర తడిగుడ్డను క్షణంసేపు అడ్డం పెట్టాడు. అతుకు కిందిభాగాన బుడగలు గలగల పొంగాయి. ఆ చోటనే సన్నని నల్లటి మసిగీత. మూడు నెలలుగా అది అందరి కళ్ళముందే ఉన్నది.

ఇక్కడ కొంచెం ఆగవలసి ఉన్నది. లోపలి పొగ బయటికి పోతుంది సరే, దానివల్ల పేలుడెందుకు? ఎగ్జాస్టు వాల్వు తెరుచుకొన్నప్పుడు వేడి వాయువు గొట్టంలోకి ఒక పోటుగా దూకుతుంది. ఆ పోటు గొట్టం తెరిచిన చివరను చేరగానే, అక్కడినుంచి తక్కువ పీడనం గల అల ఒకటి వెనక్కు బయలుదేరుతుంది. అది సరియైన క్షణానికి వాల్వును చేరితే సిలిండరులో మిగిలిన పొగను బయటికి లాగి, కొత్త గాలి లోపలికి రావడానికి సాయపడుతుంది. మంచి బెండ్ పైపు గొప్పతనమంతా, దాని పొడవూ వ్యాసమూ లెక్కగట్టడమంతా, ఈ లాగుడు కోసమే. కాని అతుకు దగ్గర సందున్నప్పుడు అదే లాగుడు బయటి గాలిని కూడా లోపలికి పీలుస్తుంది. యాక్సిలరేటరు మూసినప్పుడు సిలిండరులో సరిగా కాలని పెట్రోలు ఆవిరి గొట్టంలోకి వస్తుంది. కాలే గొట్టం, కాలని పెట్రోలు, కొత్తగా దొరికిన గాలి. ఇంకేం కావాలి? కొన్ని బళ్ళలో పొగను శుద్ధి చేయడానికని కంపెనీవారే ఎగ్జాస్టులోకి కొంత గాలి పంపే చిన్న వాల్వు పెడతారు. గొట్టం మార్చిన తరువాత అది కూడా ఈ చప్పుడుకు దోహదం చేయవచ్చు.

మొదటి షెడ్డువారి పొరపాటు మేస్త్రి చెప్పాక నాకు విశదమయింది. పెట్రోలు తక్కువైనా ఇటువంటి చప్పుడు వస్తుంది గనుక వారి అనుమానం నిరాధారం కాదు. కాని కార్బురేటరులో ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క పరగణా ఉన్నది. యాక్సిలరేటరు మూసినప్పుడూ, పావువంతు తెరిచేదాకానూ పెత్తనం పైలట్ జెట్‌ది. మధ్యలో సూదిది. ముప్పావు దాటిన తరువాతనే మెయిన్ జెట్‌ది. మూసినప్పుడు వచ్చే చప్పుడుకు మెయిన్ జెట్ మార్చడమంటే పంటినొప్పికి కళ్ళజోడు మార్చినట్లే. పైగా, ఎక్కువైన పెట్రోలు సిలిండరు గోడలమీది ఆయిలు పొరను కడిగివేసి, కింది ఆయిలులో కలుస్తుంది. మరి రెండు నెలలు అలాగే తిప్పి ఉంటే, వారు ఊహించిన రిపేరు నిజంగానే వచ్చి ఉండేదట.

అతుకు విప్పితే, లోపలి ప్యాకింగు ఒక పక్క నలిగి, మరో పక్క నలగకుండా ఉన్నది. కొత్తది వేశాడు. రెండు నట్లనూ ఒకదాని తరువాత ఒకటి, అరచుట్టు చొప్పున బిగించాడు; ఒకటి పూర్తిగా బిగించి రెండవదానికి పోతే ఫ్లాంజి ఏటవాలుగా కూర్చుంటుంది. పాత మెయిన్ జెట్ తిరిగి వేసి, ఆయిలు మార్చాడు. పావుగంట నడిపించి, బండిని నీడన పెట్టించి, "చల్లారనీయండి, టీ తాగివద్దాం" అన్నాడు. గంట తరువాత స్పానరు పెడితే ఒక్కొక్క నట్టూ దాదాపు పావుచుట్టు తిరిగింది. వేడికి ప్యాకింగు అణిగి, ఆ మేరకు బిగువు సడలింది.

"ఇది కాగితంలో ఉండాలే!" అన్నాడు మేస్త్రి. మావాడు జేబులోంచి నా అనువాదం తీసి ఇచ్చాడు. ఆయన రెండుసార్లు చదివాడు. "ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్ళీ బిగించమని రాయొచ్చు గదా సార్" అన్నాడు. మొదటి షెడ్డులో దానిని చదివినవాళ్ళు ఉష్ణచక్రమంటే బండిలో లేని ఏదో చక్రమనుకొని వదిలివేశారట. మా మేనల్లుడు నావైపు చూడకుండా టీ గ్లాసులు లెక్కపెట్టసాగాడు.

చప్పుడు పోయింది. పోయిన తరువాతనే అసలు లోటు బయటపడింది: నున్నటి రోడ్డుమీద ముప్పావువంతు దాటి తెరిస్తే బండి తడబడుతున్నది. ఆ వేగంలో కొంతదూరం పోయి, క్లచ్చి పట్టి, ఇంజను ఆపి, పక్కకు తీసి ప్లగ్గు చూశారు. తెల్లగా ఉన్నది. మసినలుపైతే పెట్రోలు ఎక్కువ, తెలుపైతే తక్కువ, లేత గోధుమరంగైతే సమం. 2000లో దేశమంతటా సీసంలేని పెట్రోలు వచ్చిన తరువాత ఈ రంగులు పూర్వమంత స్పష్టంగా తెలియడంలేదని పాతకాలపు మెకానిక్కులు అంటారు. ఇప్పుడు మెయిన్ జెట్ ఒక్క సైజు పెంచారు, అంతే. ఇందులో పెట్రోలుకు కూడా వాటా ఉన్నది. 2025 నాటికి మన బంకుల పెట్రోలులో ఇథనాలు ఇరవై శాతానికి చేరింది. ఒక పాలు పెట్రోలు కాలడానికి బరువునుబట్టి 14.7 పాళ్ళ గాలి కావాలి. ఇథనాలుకు 9 చాలు. పాత జెట్‌తో కొత్త ఇంధనం పోస్తే పైపు మార్చకపోయినా మిశ్రమం ఆ మేరకు పలచబడుతుంది.

2020 నుంచి వస్తున్న ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్ళలో కథ తిరగబడుతుంది. గొట్టంలో ఆక్సిజన్ సెన్సరు ఉంటుంది. దానికి ముందున్న అతుకులో సందుంటే, బయటి గాలిలోని ఆక్సిజనును చూసి సెన్సరు పెట్రోలు చాలడంలేదని కబురు పంపుతుంది. కంప్యూటరు నమ్మి ఇంకా పోయిస్తుంది. మా షెడ్డువారు చేతితో చేసిన పొరపాటునే అది తనంతట తాను చేస్తుందన్నమాట. అక్కడా మొదట చూడవలసినవి ఆ అతుకూ, సెన్సరు తీగా.

చట్టం సంగతి మావాడికి చెప్పక తప్పలేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే, 2019 సవరణ తరువాత మొదటి తప్పుకే పదివేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఈ మధ్య బళ్ళలో క్యాటలిటిక్ కన్వర్టరు బెండ్ పైపులోనే ఉంటే, పైపుతోపాటు అదీ పోతుంది. పాత పైపు ఎక్కడున్నదని అడిగాను. అటకమీద, గోనెసంచిలో ఉన్నదన్నాడు. దానిని పారవేయకపోవడం ఒక్కటీ వాడు చేసిన తెలివైన పని. ఏ అనుమానం వచ్చినా అది తిరిగి బిగించి చూస్తే దోషం పైపుదా ఇంజనుదా తేలిపోతుంది. పోలీసువారితో పేచీ కూడా తీరుతుంది. సంక్రాంతిలోగా పాతదే వేయిస్తానని తల్లికి మాట ఇచ్చాడు.

హైదరాబాదు వచ్చేముందు ఆ వాక్యాన్ని మరల రాసి మేస్త్రికి చూపించాను: "మొదటిసారి బాగా వేడెక్కి, పూర్తిగా చల్లారిన తరువాత, నట్లు మళ్ళీ బిగించాలి." ఆయన చదివి కాగితం తిరిగి ఇస్తూ అన్నాడు:

"'పూర్తిగా' కింద గీత గీయండి సార్. మావాళ్ళు ఆగరు."