పైన దాహం, కింద తడి

ప్రతి నెలా చక్కెర వ్యాధి, నడుం నొప్పి, రక్తపు పోటు అంటూ ఈ పేజీలో మీ ప్రాణాలు తోడేస్తున్నామని కొందరు మిత్రులు నిష్ఠూరమాడారు. అందుకని ఈసారి మనుషులను వదిలి మొక్కల జోలికి పోతున్నాము. అయినా వైద్యుడి బుద్ధి ఎక్కడికి పోతుంది? తిరిగి తిరిగి మీ దగ్గరికే వస్తాము, కాస్త ఓపిక పట్టండి.

నిరుడు దసరాకు మా ఇంట్లో జమ్మి ఆకు కోసం వెతుకులాట మొదలైంది. ఎమిరేట్సులో జమ్మికి కరువేమిటని నవ్వకండి. ఇక్కడివారు గాఫ్ అని పిలిచే చెట్టూ మన జమ్మీ ఒక్కటే. 2008లో ఈ దేశం దాన్ని జాతీయ వృక్షంగా ప్రకటించుకుంది. 2014లో తెలంగాణకు రాష్ట్ర వృక్షమూ అదే అయింది. కానీ దారి పక్క చెట్టు కొమ్మ విరిచే ధైర్యం ఎవరికుంది? చెట్టు కింద రాలిన కాయలు నాలుగు ఏరుకొచ్చి, మన జమ్మిని మనమే పెంచుకుందామని తీర్మానించాము. ఇక్కడ 'మేము' అంటే డాక్టరూ, ఆయన శ్రీమతీను. నీళ్లు పోసింది ఎవరో వేరే చెప్పనక్కరలేదు.

అనంతపురం జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడితేనే మనవాళ్లు కరువు సీమ అంటారు. ఇక్కడ సగటు వాన వంద మిల్లీమీటర్ల లోపే. అలాంటి చోట ఈ చెట్టు ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. రహస్యమంతా వేళ్లలో ఉంది. ముదిరిన జమ్మి వేరు ముప్పై మీటర్ల లోతుకు కూడా పోతుందంటారు. మరి ఆ ప్రయాణం మొలక దశలో ఎలా మొదలవుతుందో చూడాలని మాకు కుతూహలం పుట్టింది.

చలి తగ్గాక మార్చిలో గింజల పెంకు గీరి, ఒక రాత్రి నీళ్లలో నానబెట్టాము. రెండడుగుల ప్లాస్టిక్ గొట్టాలు ఆరు తెచ్చి, నిలువునా రెండు బద్దలుగా కోసి, తీగతో బిగించి, అడుగున గోనె గుడ్డ కట్టి ఇసుక నింపాము. మొలకలు రెండాకులు వేశాక రెండేసి చొప్పున మూడు జట్లు చేశాము. మొదటి జట్టుకు రోజూ అర టీ కప్పు నీళ్లు. రెండో జట్టుకు ముందే అడుగు దాకా తడిపి, ఆ పైన వారానికి ఒక్కసారే మూడున్నర కప్పులు. లెక్క చూడండి, వారం మొత్తం మీద ఇద్దరికీ సమానమే. మూడో జట్టుకు వారానికి అర కప్పు, అంటే పస్తుల శిక్షణ.

ఈ వైభవం చూసి, మా వీధి చివర పార్కులో పనిచేసే జగిత్యాల తమ్ముడు నవ్వాడు. "అమ్మా, దినాం జరంత జరంత పోస్తే ఏర్లు మీదనే ఉంటయి. ఒక్కపారి నిండ పొయ్యుండ్రి, ఆరనియ్యుండ్రి" అన్నాడు.

జూన్ మొదట్లో తీగలు విప్పి చూశాము. రోజూ తాగిన మొక్కలు జానెడు పైన పెరిగి ఆకుతో కళకళలాడుతున్నాయి. వేళ్లు మాత్రం పై జానెడు ఇసుకలోనే గుబురు కట్టాయి. వారానికోసారి తాగినవి పైకి పొట్టిగానే ఉన్నాయి గానీ, వేరు గొట్టం అడుగున గోనెను తాకింది. పస్తులున్న వాటిలో ఒకటి చచ్చింది. రెండోదాని వేరు తడి ఆగిన చోటే సన్నగా ఆగిపోయింది.

ఆరు మొక్కలతో శాస్త్రం తేలదు. కానీ శాస్త్రం చెప్పేదీ ఇదే. పై మట్టి కాస్త ఆరితే మొక్క ఆకుల పెరుగుదల తగ్గించి, తన చక్కెరలో పెద్ద వాటా వేళ్లకు పంపుతుంది. అబ్సిసిక్ ఆమ్లమనే హార్మోను ఆకు రంధ్రాలను మూయించి నీటిని పొదుపు చేస్తుంది. వేరు కొస తడి ఎటు ఉందో పసిగట్టి అటు వంగుతుంది. వేరు కొసను ఒక చిన్న జంతువు మెదడుతో డార్విన్ పోల్చింది 1880లోనే. అయితే బొత్తిగా పొడి ఇసుకను చీల్చుకుంటూ వేరు నీళ్లను వెతుక్కుంటూ పోదు. తడి ఉన్నంత మేరే పెరుగుతుంది. కనుక దాహం ఒక్కటే వేరును దింపదు. పైన దాహం ఉండాలి, కింద తడి ఉండాలి. నాటే వారు మొదటి రెండు వేసవులూ లోతుగా తడిపి, తడుపుకూ తడుపుకూ మధ్య ఎడం మెల్లగా పెంచండి. రోజూ చిలకరిస్తే వేరు పైనే ఉంటుంది, ఉప్పు కూడా పైనే పేరుకుంటుంది.

ఇక మీ దగ్గరికి వచ్చాము. గొట్టాలు విప్పిన వారానికే ఆ జగిత్యాల తమ్ముడు పిక్కలు పట్టేసి, మూత్రం టీ డికాక్షన్ రంగులో పోతోందని మా దగ్గరికి వచ్చాడు. రక్తంలో క్రియాటినిన్ పెరిగింది. నీళ్లు ఎందుకు తాగలేదయ్యా అంటే, మరుగుదొడ్డి చాలా దూరమట. పైగా, "మొక్క లెక్క నేను గూడ అలవాటు చేసుకుంటున్న సారూ" అన్నాడు.

మాకు నోట మాట రాలేదు. మొక్కకు అంత బాగా నీళ్లు పోయడం తెలిసినవాడు!

చదువరులారా, మనిషి జమ్మి కాడు. ఎండకు వారం పది రోజుల్లో ఒళ్లు అలవాటు పడే మాట నిజమే. కానీ అలవాటు పడ్డ ఒంటికి చెమట ముందుగానూ, ఎక్కువగానూ పడుతుంది. అంటే నీళ్లు ఇంకా ఎక్కువ కావాలి. తక్కువ నీటితో బతకడం మనిషికి నేర్పలేమని, రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ఎడారుల్లో సైనికులను పరీక్షించి, అడాల్ఫ్ బృందం 1947లో పుస్తకమే వేసింది. మనకు ముప్పై మీటర్ల వేరు లేదు. చేతిలో సీసా ఒక్కటే మన వేరు.

ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదన్న నిబంధన ఉంది. మిగతా వేళల్లో దాహం వేసేదాకా ఆగకుండా, పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక కప్పు నీళ్లు తాగాలి. మూత్రం రంగు ముదిరితే అదే మొదటి హెచ్చరిక. బయట పనిచేసే మనవాళ్లు మీకు తెలిసినవారుంటే ఈ పేజీ చదివి వినిపించండి.

మా తమ్ముడు నాలుగు రోజుల సెలైనుతో కోలుకున్నాడు. బతికిన మూడు మొక్కలూ పెద్ద తొట్లలో ఉన్నాయి. మిగిలిన రెండింటిలో ఒకటి అతనికి ఇచ్చాము, ఒకటి ఎండిపోయింది. ఈ దసరాకు జమ్మి ఆకు కావలసినవారు మా ఇంటికి రండి. రెండాకులకు మించి కోయనివ్వము.